పలకకీ ఒక ఊరుంది

బాల్యం గురించి రాయడం తెలుగులో ఇప్పుడు బాగా సులువైపోయింది. ఒక వేపచెట్టు, ఒక అమ్మమ్మ, వేసవి సెలవులు, ఐస్‌ఫ్రూటు బండి, రేడియోలో పాట, చివర్లో ‘ఆ రోజులే వేరు’ అని ఒక నిట్టూర్పు. వారానికి కనీసం రెండు ఇలాంటివి నా కళ్ళబడతాయి. చదువుతాను కూడా, నాకేం విరక్తి లేదు. కానీ చదివిన గంటకి ఏది ఎవరిదో గుర్తుండదు. వేపచెట్టు తీసేసి కొబ్బరిచెట్టు పెడితే ప్రకాశం జిల్లా కాస్తా కోనసీమ అయిపోతుంది. ఇంకేమీ మార్చక్కర్లేదు.

నా పేచీ జ్ఞాపకాలతో కాదు, వాటిలోని ఆనందంతోనూ కాదు. ఆ ఆనందానికి చిరునామా లేకపోవడంతోనే.

వీటిలో దాదాపు తప్పకుండా కనపడే వస్తువు ఒకటుంది: పలక. ఉమ్మి పెట్టి తుడవడం, బొగ్గూ గుంటగలగరాకూ కలిపి నల్లగా నిగనిగలాడేలా రుద్దడం, బలపం కొరుక్కు తినడం, అమ్మ చూస్తే వీపు మోగడం. అన్నీ నిజమే, నేనూ చేసినవే. అయితే ఆ పలక ఎక్కణ్ణించి వచ్చిందో ఇప్పటిదాకా ఒక్కరూ రాయగా నేను చూడలేదు. అదేదో బడి గుమ్మంలో మొలిచినట్టే ఉంటుంది.

పలకకి ఒక ఊరుంది. మార్కాపురం. రాతిపలక మీద అక్షరాలు దిద్దిన తరాల్లో, తెలుగుదేశంలోనే కాదు బయట కూడా, చాలామంది చేతుల్లోకి వచ్చింది ఆ చుట్టుపక్కల గనుల రాయే. ఆ రాయి పొరలు పొరలుగా విడుతుంది. దాన్ని పలచగా చీల్చి, కొలతకి కోసి, నున్నగా అరగదీసి, చెక్క చట్రం బిగిస్తారు. కోసేచోటా అరగదీసేచోటా బూడిదరంగు దుమ్ము లేస్తుంది. వెంట్రుకల మీదా కనురెప్పల మీదా వాలుతుంది, ఊపిరితో పాటు లోపలికీ పోతుంది.

కేంద్ర ప్రభుత్వం 1987లో జాతీయ బాలకార్మిక విధానం ప్రకటించింది. దాని వెనకే, పిల్లల్ని పనిలోంచి బడికి తేవడానికి దేశంలో ముందుగా కొన్ని చోట్లని ఎంపిక చేశారు. శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాద్ గాజు, సూరత్ వజ్రాల సాన, జగ్గంపేట పెంకులు. ఆ వరుసలోనే మార్కాపురం పలకలు. 1986 నాటి చట్టం కింద పిల్లలు చేయకూడని పనుల జాబితాలో తర్వాత బలపాల తయారీ కూడా చేరింది. అంటే ‘అ’ దిద్దుకోవడానికి ఒక పిల్లాడి ఒళ్ళోకి వచ్చిన పలకని తయారు చేసినవాళ్ళలో, ఆ ‘అ’ దిద్దని పిల్లలు కూడా ఉన్నారు.

ఇక్కడ ఆగి, ‘మన ఆనందాలన్నీ ఎవరో ఒకరి కన్నీళ్ళే కదా’ అని రాసేస్తే అదీ సులువే. వేపచెట్టు వ్యాసం ఎంత సులువో అంతే సులువు. నేను చెప్పాలనుకుంటున్నది అది కాదు.

కంభం, మార్కాపురం మధ్య ఒక ఊళ్ళో నేను చదువుకునేటప్పుడు మా క్లాసులో ఒక పిల్లోడు సెలవుల్లో పలకల పనికి పోయేవాడు. సెలవులు అయిపోయాక కూడా కొన్నాళ్ళకి గానీ వచ్చేవాడు కాదు. వచ్చాక వాడు మాకు చూపించే విద్య ఒకటుండేది. ఎవరి పలకైనా తీసుకుని, చట్రం వేళ్ళ మధ్య వేలాడేసి, గోటితో టకామని కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. పలక ఖంగుమంటే తలూపి ఇచ్చేసేవాడు. చప్పుడు మొద్దుగా వస్తే, “రేయ్, ఇది దసరా దాకా రాదు రా” అనేవాడు. నిజంగానే వచ్చేది కాదు. లోపల ఎక్కడో కంటికి కనపడని బీట ఉండేదన్నమాట. ఎక్కాలు రాకపోయినా ఆ పూటకి క్లాసులో వాడే రాజు. మేమందరం వరసలో నిలబడి మా పలకలకి ఆయుష్షు చెప్పించుకునేవాళ్ళం. వాడి మొహంలో అప్పుడు కనపడిన గర్వాన్ని ఏమనాలి? ఆనందం కాకపోతే మరేంటది?

బాల్యం గురించిన రచనలన్నిటికీ నేను పెట్టే పరీక్ష ఇదే. ఆ పిల్లోడి గర్వాన్ని పూర్తిగా రాయగలగాలి. దాన్ని రాసినంత మాత్రాన వాడు చేసిన పని మంచిదైపోకూడదు. ఈ రెండూ ఒకే వాక్యంలో పట్టాలి. ఒకటి రాసేటప్పుడు రెండోది మరిచిపోతే రచన అబద్ధమవుతుంది.

ఈ పరీక్షలో నెగ్గిన పుస్తకాలు మనకి లేకపోలేదు. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు ‘పచ్చనాకు సాక్షిగా’ తీసుకోండి. చిత్తూరు జిల్లా పల్లెలో, సేద్యం మీద బతికే ఇంట్లో పెరిగిన పిల్లవాడి మాటలు. అక్కడ దరిద్రం ఎక్కడా దాక్కోదు, అలాగని ఎక్కడా తనని చూసి జాలిపడమనదు. నామిని నవ్విస్తుంటే మనం నవ్వుతూనే ఉంటాం. నవ్వు సగంలో ఉండగా, ఆ ఇంట్లో తినడానికి ఏముందో, అప్పు ఎంతుందో తెలిసిపోతుంది. ఆయనకి అది ఎలా సాధ్యమైందంటే, యాస వల్ల అని చాలామంది అంటారు. యాస ఒక్కటే అయితే ఈపాటికి మనకి యాభైమంది నామినిలు ఉండాలి. అసలు కారణం పని అనుకుంటాను. ఆయన పిల్లలు పని మధ్యలో ఆడుకుంటారు, ఆట మధ్యలో పనికి పోతారు. రెంటికీ మధ్య గోడ పెద్దవాళ్ళు కట్టుకున్నది.

మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ ఇంకో దారిలో వెళ్తాయి. కావలి ఊరు, చేతిలో డబ్బాడని ముస్లిం ఇల్లు. పండక్కి కొత్తబట్టలు వస్తాయా రావా అన్నది అలాంటి ఇంట్లో ఎంత పెద్ద ప్రశ్నో, ఆ ప్రశ్న చుట్టూ ఎంత హాస్యం పుడుతుందో ఆ కతలు చదివితే తెలుస్తుంది. సోమరాజు సుశీల ‘ఇల్లేరమ్మ కతలు’ మధ్యతరగతి ఇంటివి, అక్కడ ఆకలి లేదు. కానీ ఆడపిల్ల అల్లరిని ముద్దు చేయకుండా, దాని తెలివిని తెలివిగానే రాయడం అందులో ఉంది. ఈ మధ్య వచ్చిన సోలోమోన్ విజయ్‌కుమార్ ‘మునికాంతపల్లి కతలు’ చదువుతుంటే మళ్ళీ అదే సంతోషం కలిగింది. ఒక ఊరి పేరు అట్ట మీదకెక్కి, లోపల ఆ ఊరే మాట్లాడటం.

మిట్టూరు, దర్గామిట్ట, పసలపూడి, మునికాంతపల్లి. ఇలా చెప్పుకుంటూ పోతే నాకు మా వైపు ఖాళీ కనపడుతుంది.

మా వైపు అంటే మార్కాపురం, కంభం, గిద్దలూరు. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా ఇవి కర్నూలు జిల్లాలో ఉండేవి. మా మాటలో ఇప్పటికీ ఆ వాసన పోలేదు. నాయనమ్మని అవ్వ అంటాం, పొద్దున్నే ఉగ్గాని తింటాం. ఒంగోలువాళ్ళకి మేం సీమవాళ్ళం, సీమవాళ్ళకి మేం కోస్తావాళ్ళం. సాహిత్యంలోనూ ఇదే గతి. కోస్తా కథలంటే కాలవలు, పడవలు, సమృద్ధి. సీమ కథలంటే కరువు, కక్షలు. మేం రెంట్లోనూ సరిగ్గా ఇమడం. మా గురించి ఎవరైనా మాట్లాడితే మూడే మాటలు: ఫ్లోరైడ్, వలస, వెలిగొండ. మూడూ నిజాలే. 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ ప్రాజెక్టు నీళ్ళ కోసం నా వయసువాళ్ళు పుట్టి పెరిగి పెళ్ళిళ్ళు చేసుకున్నారు. అయినా మేం ఆ మూడు మాటలేనా?

నీళ్ళ ట్యాంకరు గురించే చెప్తాను. ట్యాంకరు వచ్చే రోజు మాకు పండగ. ఇది చెప్తే మా గోదావరి స్నేహితుడు నొచ్చుకుంటాడు, “అలా అనకు గురూ, చాలా బాధగా ఉంది” అంటాడు. కానీ పండగే. తెల్లారకముందే బిందెల వరుస. బిందె లేనివాళ్ళు రాయి పెట్టి జాగా పట్టుకుంటారు, కొందరు చెప్పు వదిలిపోతారు. పిల్లలం ఆ వరుసకి కాపలా. కాపలా అంటే ఏముంది, రాళ్ళని అటూ ఇటూ మార్చడమే. ఆ తర్వాత జరిగే యుద్ధం చూడటానికి అరుగెక్కి కూర్చోవడమే. “ఏందమ్మే, నా బిందె ముందరికి నీ బిందె ఎట్టొచ్చింది?” “దానికి కాళ్ళొచ్చినయ్ లే వదినా.” ఈ మాట మీద అరగంట నడిచేది. పైపు నుంచి కారిన నీళ్ళ కింద తలపెట్టినవాడికి దెబ్బలు, ఆ దెబ్బలకి కూడా నవ్వు.

ఇదే సన్నివేశాన్ని కరువు కథ రాసేవాడికిస్తే పిల్లల్ని తీసేస్తాడు, లేకపోతే వాళ్ళ కళ్ళల్లో దైన్యం పెడతాడు. జ్ఞాపకాల వ్యాసం రాసేవాడికిస్తే బిందెల వరుసని ఇంద్రధనస్సు అంటాడు. ఎక్కడో నాలుగు కిలోమీటర్ల అవతల నుంచి బిందె మోసిన ఆడవాళ్ళ నడుము నొప్పి అందులో ఉండదు. ఇంకో సంగతి కూడా ఉండదు. ఆ అరుగు మీద కూర్చుని నవ్విన పిల్లల్లో కొందరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు. ఫ్లోరైడ్ నీళ్ళకి పళ్ళు గోధుమరంగు చారలు పడి ఉండేవి. నవ్వు ఆపుకోలేరు, నవ్వు చూపించనూ లేరు. ఆ చెయ్యిని రాయాలి. చేతి వెనకాల నవ్వునీ రాయాలి.

‘ప్రేరణ’ అనే మాట గురించి కూడా నాకో అనుమానం ఉంది. బాల్య జ్ఞాపకాల్లో ఇప్పుడు ఇంకో రకం బయల్దేరింది. చెప్పుల్లేకుండా బడికి నడిచాను, వీధిదీపం కింద చదివాను, ఇవాళ ఇక్కడున్నాను. రోజువారీ కష్టాల్నించి స్ఫూర్తి పొందండి. ఇందులో బాల్యం ఒక పెట్టుబడి. ఉద్యోగం వచ్చాక దాని మీద వడ్డీ వసూలవుతుంది. మరి చెప్పుల్లేకుండా అదే దారిలో నడిచి ఎక్కడికీ చేరనివాడి బాల్యం సంగతేంటి? వాడు కాలవలో చేప పట్టిన మధ్యాహ్నం దండగేనా?

సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’ నవల నాకు ఈ విషయంలో ఒక చిక్కు ప్రశ్న. మా పడమటి ఆకాశంలో నల్లగా కనపడే నల్లమలే అందులోని అడవి. కరువులో మేతా నీళ్ళూ లేక కాపరులు గొర్రెల్ని కొండెక్కిస్తారు. ఉద్యోగం రాని చదువుకున్న కుర్రాడు వాళ్ళ వెంట పోతాడు. 2019లో తానా నవలల పోటీలో బహుమతి వచ్చింది, 2021లో సినిమా అయింది. చెట్ల పేర్లు, గొర్రెల జబ్బులు, పులి వాసన పసిగట్టడం, రాత్రి కాపలా, కాపరుల ఎగతాళి మాటలు. ఇవి వచ్చిన ప్రతి పేజీ నాకు ప్రాణం. ఇంత కష్టంలో కాపరులు ఎంత నవ్వుతారో చూడండి! ఆ నవ్వులో అడవి గురించిన జ్ఞానం ఉంది. పలక మోగించిన మా పిల్లోడి గర్వం లాంటిదే అది. కానీ అడవి ఆ కుర్రాడికి వ్యక్తిత్వ వికాస పాఠంగా మారిన చోట్ల నాకు కొంచెం వెలితి అనిపించింది. సినిమా అయితే ఆ పాఠాన్ని ఇంకా పైకెత్తి చూపించింది. కాపరులకి అడవి పాఠం కాదు, బతుకు. వాళ్ళు దిగొచ్చాక ఏ ఇంటర్వ్యూకీ పోరు. మళ్ళీ కరువొస్తే మళ్ళీ ఎక్కుతారు. నవల గొప్పతనం నాకు ఆ కుర్రాడి గెలుపులో కనపడలేదు, ఆ ముసలి కాపరుల మాటల్లో కనపడింది.

తెలుగులో ‘రైలుబడి’గా మనందరం చదువుకున్న తొత్తోచాన్ పుస్తకం కూడా చివరికి గెలుపు కథ కాదు. కురొయానగి ఆ బడిని ఎంత ఆనందంగా రాసిందో అందరికీ గుర్తే. ఆ ఆనందమంతా యుద్ధం నడుస్తుండగా. అన్నం డబ్బాలో పదార్థాలు తగ్గుతూ వస్తాయి. బడి బాంబులకి కాలిపోతుంది. ఆవిడ యుద్ధం గురించి ఉపన్యాసం ఇవ్వదు, దాచిపెట్టదు కూడా. పిల్లకి తెలిసినంతే మనకీ తెలియనిస్తుంది.

మా వైపు నుంచి అలాంటి పుస్తకం ఒకటి నా అల్మరాలో పెట్టుకోవాలని ఉంది. గుంటూరు నుంచి నంద్యాల పోయే రైలు అందులో ఉండాలి. దొనకొండ, మార్కాపూర్ రోడ్డు, తర్లుపాడు, కంభం, గిద్దలూరు అని స్టేషన్లు వరసపెట్టి అప్పజెప్పే పిల్ల ఉండాలి. దిగువమెట్ట దాటాక అడవి మొదలైతే, సొరంగం వచ్చేదాకా ఊపిరి బిగబట్టి, లోపలికి పోగానే గొంతు చించుకుని అరవాలి. విజయనగర రాజుల నాటి కంభం చెరువు నిండిన ఏడాది ఊరు ఊరంతా కట్ట మీదికి నీళ్ళు చూడ్డానికి పోవాలి. నీళ్ళు చూడ్డానికి పోవడం ఏంటని కోనసీమ పాఠకుడు ముందు అనుకోవాలి, రెండు పేజీలు పోయాక వాడికే అర్థం కావాలి. గుడి తెరిచే శనివారం కోసం నెమలిగుండ్లకి కట్టుకుపోయిన పులిహోర ఉండాలి. మార్కాపురం చెన్నకేశవుడి తిరునాళ్ళలో బొమ్మ కొనివ్వలేదని రథం ముందు పడి దొర్లినవాడు ఉండాలి. హైదరాబాదుకి బేల్దారి పనికి పోయిన నాన్న ఎప్పుడొస్తాడో వేళ్ళ మీద లెక్కేసే పిల్ల ఉండాలి. ఆ పిల్ల లెక్క తప్పితే తిట్టే అవ్వ, తిట్టాక సజ్జరొట్టె మీద బెల్లం పెట్టిచ్చే అదే అవ్వ.

అది పలకల పనికి పోయినవాళ్ళ ఇంట్లోంచే వస్తే ఇంకా బాగుంటుంది. దుమ్ము ఏ గదిలో ఎంత లేస్తుందో, మధ్యాహ్నం అన్నం డబ్బా ఎక్కడ దాచుకుంటారో, మేస్త్రీకి పెట్టిన మారుపేరేంటో నేను రాయలేను. పలకని వేలాడేసి గోటితో కొడితే వచ్చే చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది. కానీ అందులో బీట ఎక్కడుందో చెప్పగలిగినవాడు వాడే.