ప్లీడరుగారు ఓట్లడిగితే

ఈ వారం మా వీధి మొగలో ఒక ఫ్లెక్సీ వెలిసింది. ఫ్లెక్సీల మీద నాకున్న కసి ఈ కాలమ్ చదివేవాళ్ళకి కొత్త కాదు గనక దాని పొడవు వెడల్పుల జోలికి పోను. నల్లకోటు, మెడలో తెల్ల బ్యాండు, జోడించిన చేతులతో నిలువెత్తు లాయరు. పేదల తరఫున వాదించిన గొంతును అసెంబ్లీకి పంపమంటున్నాడు. ఆయన ఆశ మీద నాకేం కోపం లేదు, ఆ వేషం మీదే. న్యాయవాది తన గురించి ప్రకటనలు వేసుకోకూడదనీ, పేరు రాసుకునే బోర్డు కూడా మితంగా ఉండాలనీ బార్ కౌన్సిల్ నియమాల్లో ముప్పై ఆరోది చెబుతోంది. కోర్టు బయట నలుగురూ తిరిగే చోట బ్యాండూ గౌనూ వేసుకోవద్దని ఇంకో నియమం. కక్షిదారు దగ్గర ఇంత ఒద్దిక పాటించాల్సిన మనిషి ఓటరు దగ్గరికొచ్చేసరికి కరెంటు స్తంభమంత పెరగొచ్చన్నమాట. గెలిచాక ప్రాక్టీసు మానక్కర్లేదు కూడా. ఎమ్మెల్యేలు, ఎంపీలు లాయర్లుగా కొనసాగవచ్చని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పేసింది.

ఈ మాట అరుగు మీద అన్నానో లేదో, ఎవరో ఒకరు ప్రకాశం పంతులుగారిని అడ్డం పెట్టేస్తారు. "ఆయనా లాయరే కదండీ!" లాయరే. కానీ ఆయన కథలో వరస వేరు. ఒంగోల్లో పూటకూళ్ళ ఇల్లు నడిపిన తల్లి సుబ్బమ్మగారు, వెంటబెట్టుకుని రాజమండ్రి తీసుకొచ్చిన మాస్టారు ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు, నాటకాల పిచ్చి, ఆ తర్వాత సెకండ్ గ్రేడ్ ప్లీడరీ. అంటే కింది కోర్టుల వరకే. హైకోర్టులో లేచి నిలబడే అర్హత లేదు. ఆ సెకండ్ గ్రేడ్ ప్లీడరే 1904లో రాజమండ్రి మునిసిపల్ చైర్మన్ అయ్యాడు. బారిష్టరీ కోసం ఇంగ్లండు ఓడెక్కింది ఆ తర్వాతే. 1907లో తిరిగొచ్చి మద్రాసు హైకోర్టులో పేరు, డబ్బు రెండూ సంపాదించాడు, 'లా టైమ్స్' పత్రిక నడిపాడు, కలెక్టర్ ఆష్ హత్య కేసులో ముద్దాయిల తరఫున నిలబడ్డాడు. కానీ ఊరు ఆయనకు ఓటేసేనాటికి అవేవీ లేవు. సరిహద్దు గొడవలూ దొమ్మీ కేసులూ చూసుకునే ప్లీడరుకు ఊళ్ళో ఏ గడప వెనక ఏ తగాదా ఉందో తెలుస్తుంది. ఆ తెలివిడే ఓట్లు తెచ్చిపెడుతుందని నేను చాలాకాలం నమ్మాను. మా పెదనాన్న ఆ నమ్మకాన్ని పాడుచేశాడు.

మా పెదనాన్న గోదావరి జిల్లాలో ఒక చిన్న ఊరి క్రిమినల్ ప్లీడరు. సెలవుల్లో నన్ను కోర్టుకు తీసుకెళ్ళి, గుమాస్తా పక్కన బల్ల చివర కూర్చోబెట్టేవాడు. బంట్రోతు మూడుసార్లు పిలిచాక సాక్షి బోనెక్కేవాడు. పెదనాన్న ఎవర్నీ గద్దించగా నేను చూళ్ళేదు. "ఏమయ్యా, ఆ పూట అన్నం తిన్నావా?" అని మొదలుపెట్టేవాడు. ఎవరు వడ్డించారు, లాంతరు వంటింట్లో ఉందా వసారాలో ఉందా, వీధి తలుపు వేసుందా తీసుందా. ఇలా అడుగుతూ పోయి, ఎదురింటి అరుగు మీద కత్తి ఎవరి చేతిలో ఉందో చూశానన్న మనిషి చేతే వీధిలో దీపం లేదనిపించేవాడు. జడ్జిగారి కలం ఆ ముక్క రాసుకునేదాకా ఆగి, "అంతే యువరానర్" అని కూర్చునేవాడు. "మరి చీకట్లో ఎలా చూశావని అడగలేదేం?" అన్నాను ఒకసారి. "అడిగితే వాడు జవాబు చెప్పేస్తాడురా" అన్నాడు. మునగాల్సిన సాక్షికి ఆ చివరి ప్రశ్నే ఒడ్డు చూపిస్తుందని ఆయన లెక్క.

ఇంత నేర్పున్నవాడు మునిసిపల్ కౌన్సిలర్‌గా పోటీ చేశాడు. ప్రచారానికి వెళ్ళిన రెండో వీధిలోనే ఒక ముసలావిడ "కుళాయి రావట్లేదు బాబూ" అంది. "ఎప్పట్నించమ్మా?" అన్నాడు పెదనాన్న. చాన్నాళ్ళయిందంది. "చాన్నాళ్ళంటే సంక్రాంతికి ముందా, తర్వాతా?" ముందేనంది. "మరి పండక్కి ఏ నీళ్ళతో కల్లాపి చల్లావమ్మా?" ఆవిడ నోరు తెరుచుకుని ఉండిపోయింది. వెంట తిరుగుతున్న కుర్రాళ్ళు కిసుక్కున నవ్వారు. సాక్షి పడిపోయింది, దాంతోపాటు ఆ వీధీ పోయింది. ఆవిడ తేదీలు చెప్పడానికి రాలేదు, ఎవరైనా వింటారేమోనని వచ్చింది. పెదనాన్న ఓడిపోయాడు. తేడా కూడా కాస్త గట్టిదే.

ఇక్కడికి కాలమ్ అయిపోవాలి నిజానికి. ప్లీడరు నోరు ఓటరు చెవికి పనికిరాదు, ఫ్లెక్సీలో కోటు విప్పేయండి అని ముగించేద్దామనే కూర్చున్నాను. కానీ ఆ తర్వాత జరిగింది కూడా గుర్తొచ్చింది. ఫలితాలొచ్చిన మర్నాడు పదిన్నరకల్లా పెదనాన్న బార్ రూములో ఉన్నాడు. తనను ఓడించిన పార్టీకి తిరిగిన ప్లీడరుతోనే టీ తాగాడు. నెల తిరక్కుండా, గెలిచిన కౌన్సిలర్ తన ఇంటి స్థలం తగాదా పట్టుకుని మా అరుగెక్కాడు. పెదనాన్న వకాల్తా పుచ్చుకున్నాడు. "సిగ్గులేదూ?" అని పెద్దమ్మ అరిచింది. "తీర్పు వచ్చేసింది కదే, ఇంకా ఏం మిగిలింది?" అన్నాడు.

సాక్షుల్ని నడిపే ప్లీడరు బతుకులో ఓటమి రోజువారీ వ్యవహారం. బార్ రూములో జడ్జిని తిట్టుకోరని కాదు, తిట్టుకుంటారు. తిట్టుకుని అప్పీలు గ్రౌండ్స్ రాసుకుంటారు. మళ్ళీ అదే హాల్లో, అదే జడ్జి ముందు, నిన్న ఓడించినవాడి పక్కనే నిలబడతారు. మన చట్టసభల్లో కరువైంది మాటకారితనం అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఓడిపోవడం వచ్చినవాళ్ళే కరువయ్యారు. ఓడినవాడు ఓటింగు యంత్రాన్ని తిడతాడు, గెలిచినవాడు ఎదుటి బెంచీ ఎందుకుందంటాడు. ఈ ఒక్క గుణం కోసమైనా నాలుగు కోర్టుల దుమ్ము తిన్న ప్లీడరు అసెంబ్లీకి వెళ్ళడం మంచిదేనని ఇప్పుడు అనిపిస్తోంది.

ప్రకాశంగారికి నేను భక్తుణ్ణి కాను. కోర్టులో ఇవాళ వాదికీ రేపు ఇంకో కేసులో ప్రతివాదికీ వాదించడం వృత్తిధర్మం. ఆయన రాజకీయాల్లోనూ కొంత అలాగే చేశారు. ప్రజా సోషలిస్టుల్ని వదిలి, కాంగ్రెస్ మద్దతుతో 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యారు. మద్యనిషేధం మీద పట్టు విడవలేదు. ఇంకోవైపు దానికి వ్యతిరేకంగా గౌతు లచ్చన్నగారి వెంట గీతకార్మికుల ఆందోళన నడుస్తూనే ఉంది. 1954 నవంబరులో కర్నూలు అసెంబ్లీలో ఒక్క ఓటుతో ప్రభుత్వం పడిపోయింది. దిగిపోయారు.

ఆ ఓటమి అందరికీ తెలుసు. నాకు ఇష్టమైంది అంతకు ముందుది. 1937లో మద్రాసులో రాజాజీ మంత్రివర్గంలో రెవెన్యూ మంత్రిగా ఉంటూ, జమీందారీ ప్రాంతాల విచారణ కమిటీకి అధ్యక్షత వహించి, భూమికి హక్కుదారు రైతేనని ప్రకాశంగారు నివేదిక రాయించారు. ప్లీడరు చేత్తో కట్టిన కేసు కట్ట అది. దాన్ని చట్టం చేసేలోగా 1939లో మంత్రివర్గమే రాజీనామా చేసింది. 1946లో తానే మద్రాసు ప్రధాని (ముఖ్యమంత్రిని అప్పట్లో అలాగే అనేవారు) అయ్యారు. ఏడాది తిరక్కుండా, 1947 మార్చిలో, సొంత పార్టీవాళ్ళే దించేశారు. ఆ కుర్చీలోకి వచ్చిన ఓమందూరు రామస్వామి రెడ్డియార్ ప్రభుత్వమే 1948లో జమీందారీ రద్దు చట్టం తెచ్చింది.