పన్నెండు ఏ.ఎం. అంటే ఏ రాత్రి?

బన్సీలాల్‌పేట్ మెట్లబావి దాటి నాలుగడుగులేస్తే ఒక డీటీపీ షాపు. కిందటి వారం ఈ కాలమిస్టు అక్కడ ఒక పెళ్లిపత్రిక ప్రూఫ్ దిద్దుతూ కూర్చున్నాడు. తెలుగు వైపు ముహూర్తం ఇలా ఉంది: “శనివారం రాత్రి గం. 12.40 ని.లకు (తెల్లవారితే ఆదివారం)”. ఇంగ్లిష్ వైపు: “శాటర్‌డే, 12.40 ఏ.ఎం.”

అక్షరదోషం ఒక్కటీ లేదు. కానీ ఇంగ్లిష్ వైపు మాత్రమే చదివిన చుట్టం శుక్రవారం రాత్రే మండపం దగ్గర దిగుతాడు. రోజు ముందు!

ఏ.ఎం., పీ.ఎం. లాటిన్ మాటలకు పొట్టి రూపాలు. ఒకటి మధ్యాహ్నానికి ముందు, రెండోది తర్వాత. మరి సరిగ్గా మిట్టమధ్యాహ్నం పన్నెండు? అది ముందూ కాదు, తర్వాతా కాదు. అందుకే 12కి ఏ.ఎం., పీ.ఎం. తగిలిస్తే అయోమయమేనని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ కూడా చెబుతుంది. మన రైల్వే 24 గంటల లెక్కతో ఆ చిక్కు తప్పించుకుంది గానీ, తారీఖు చిక్కు అలాగే ఉంది. 00.15 బండికి ఆదివారం తేదీతో టికెట్ ఉంటే, శనివారం రాత్రే సికింద్రాబాద్ స్టేషన్‌కు చేరాలి.

మన పంచాంగంలో వారం మారేది సూర్యోదయంతో. అలాగని అర్ధరాత్రి లెక్క ఇంగ్లిషువాళ్లే తెచ్చారనుకోనక్కర్లేదు. ఆర్యభటుడు రోజును సూర్యోదయం నుంచీ, అర్ధరాత్రి నుంచీ రెండు విధాలా లెక్కించాడని వరాహమిహిరుడు రాశాడు. ఐరోపా ఖగోళ శాస్త్రజ్ఞులైతే 1924 చివరి దాకా మధ్యాహ్నం నుంచే రోజు మొదలుపెట్టేవారు.

ఇన్ని లెక్కల మధ్య “తెల్లవారితే” అన్న మాట మీద ఈ కాలమిస్టుకు గౌరవం పెరిగింది. నిద్రపోని రాత్రి శనివారానిది, రాబోయే వెలుగు ఆదివారానిది. రెండు వారాలనూ ఒక్క మాట కలిపి చూపిస్తుంది. పెళ్లిపత్రికల్లో, జాతర పోస్టర్లలో అది ఊరికే పడి ఉన్న మాట కాదు. అనువాదంలో దాన్ని వదిలేస్తే రోజే మారిపోతుంది.

షాపు కుర్రాడు ఇంగ్లిష్ లైను చెరిపి కొత్తగా కొట్టాడు: “శనివారం, ఆదివారాల మధ్య రాత్రి 12.40” అని అర్థం వచ్చేలా, రెండు తారీఖులూ పక్కపక్కన పెట్టి. పెళ్లికూతురి తల్లి తెర వైపు వంగి, రెండు వైపులా వేలు పెట్టి చదువుకుంది.

“అయితే అన్నా, అందరూ శనివారం రాత్రి భోజనాలకే వస్తరు కదా?”