పట్టిసం తీర్థంలో మారేడు దళం

మహాశివరాత్రి నాడు పట్టిసీమలో వీరభద్రస్వామికి మారేడు దళంతో పూజ జరుగుతుంది. పూజలోంచి వచ్చిన దళాన్ని కళ్లకద్దుకుని మగవాళ్లు చెవి మీద దోపుకోవడం, ఆడవాళ్లు జడలో తురుముకోవడం పాత అలవాటు. రేవు దాటి ఊళ్లోకి వచ్చే మనిషి చెవి మీద ఆ ఆకు ఉంటే ఎక్కడి నుంచి వస్తున్నాడో అడగనక్కర్లేదు.

గుడి గోదావరి నడుమ దేవకూట పర్వతం మీద ఉంది. దక్షయజ్ఞాన్ని ధ్వంసం చేశాక వీరభద్రుడు తన పట్టిసాన్ని ఈ నీళ్లలో కడిగాడని స్థలపురాణం. ఆ ఆయుధం పేరే ఊరికి వచ్చింది. వరదల కాలంలో కొండ చుట్టూ ఎర్రనీరే. మాఘమాసానికి నీరు తగ్గి ఇసుక తిన్నెలు బయటపడతాయి. పడవ దిగి, ఇసుకలో నడిచి, మెట్లెక్కి జనం గుడి చేరతారు. గోదావరి జిల్లాల వాళ్లు దీన్ని జాతర అనరు, తీర్థం అంటారు.

మారేడు ముళ్ల చెట్టు. నిమ్మ, నారింజల కుటుంబానికి చెందింది. ఆకును వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే సన్నని నూనె చుక్కలు కనిపిస్తాయి, నలిపితే ఘాటైన వాసన వస్తుంది. ఒక తొడిమకు మూడు ఆకులుంటే దళం. వాటిని శివుడి మూడు కళ్లనీ, మూడు గుణాలనీ చెబుతారు. ఒక్క ఆకు రాలినా, పురుగు తొలిచినా ఆ దళం పూజకు పనికిరాదు. తొడిమ చివర ముడిని తుంచేసి, నునుపు వైపు లింగానికి తగిలేలా బోర్లించి ఉంచుతారు.

అసలు కష్టం కోయడంలో ఉంది. చవితి, అష్టమి, నవమి, చతుర్దశి, అమావాస్య తిథుల్లో, సంక్రమణం నాడు, సోమవారం నాడు మారేడు కోయకూడదని నియమం. శివరాత్రి వచ్చేదే చతుర్దశి నాడు. అంటే ఆకు ఏడాదిలో అన్నిటికంటే ఎక్కువ కావలసిన రోజునే చెట్టు ముట్టుకోకూడదు. కాబట్టి ముందే కోసి, తడిగుడ్డలో చుట్టి ఉంచుకోవాలి. 2022లో శివరాత్రి మార్చి 1, మంగళవారం వచ్చింది. ముందురోజు సోమవారం కావడంతో, నియమం పాటించేవాళ్లు ఆదివారమే కోసుకోవలసి వచ్చింది. పండగ నాటి తొక్కిడి నుంచి చెట్టును కాపాడే ఏర్పాటు ఇంతకంటే మంచిది దొరకదు.

ఆకును ఒంటి మీద ధరించడం తీరాంధ్రలో శివరాత్రితో మొదలవదు. అంతకు మూడు వారాల ముందు, మాఘ శుద్ధ సప్తమి నాడు, రథసప్తమి స్నానం ఉంటుంది. జిల్లేడు ఆకులు, రేగుపళ్లు తల మీద, భుజాల మీద పెట్టుకుని సూర్యుడికి ఎదురుగా తలారా నీళ్లు పోసుకుంటారు. మామూలు రోజుల్లో జిల్లేడు జోలికి ఎవరూ పోరు. దాని పాలు కంట్లో పడితే ప్రమాదం. ఆ ఒక్క ఉదయం మాత్రం పిల్లల తల మీద పెద్దవాళ్లే దాన్ని పెడతారు. ఉగాదికి వేపపువ్వు తినవలసిందే. భాద్రపద చవితికి ఇరవై ఒక్క పత్రి కావాలి. మాచి, వాకుడు, ఉమ్మెత్త, ఉత్తరేణి, వావిలి ఇవన్నీ గట్ల మీదా దొడ్ల వెంటా వెతికి తేవలసినవి. బంతి, చేమంతి కడియపులంక నుంచి బుట్టల్లో వస్తాయి గానీ పత్రి కోసం మొక్కను పోల్చగల కన్ను ఉండాలి. సంతలో కొన్న పత్రి కట్టలో ఏ ఆకు ఏదో చెప్పలేని ఇంట్లో ఆ పూజ సగమే జరిగినట్టు.

తెలంగాణలో దసరా సాయంత్రం జమ్మి ఆకు చేతులు మారుతుంది. దాన్ని బంగారం అంటారు. చిన్నవాళ్లు పెద్దల చేతిలో పెట్టి కాళ్లకు మొక్కుతారు, ఈడువాళ్లు ఒకరికొకరు ఇచ్చుకుని అలాయ్ బలాయ్ తీసుకుంటారు.

ఒక జనం తమ రోజున తమ మొక్కను ధరించడం దూరదేశాల్లోనూ ఉంది. బ్రిటన్‌లోని వేల్స్ ప్రజలకు మార్చి 1 జాతీయ దినం. ఆరో శతాబ్దానికి చెందిన వాళ్ల మతగురువు సెయింట్ డేవిడ్ ఆ తేదీన మరణించాడని చెబుతారు. 2022లో ఆ పండగ, పట్టిసం తీర్థం ఒకే రోజు పడ్డాయి. వేల్స్ వాళ్లు ఆ రోజు లీక్ అనే, లావుపాటి ఉల్లికాడ లాంటి కూరను గానీ, పసుపురంగు డాఫొడిల్ పువ్వును గానీ కోటుకు గుచ్చుకుంటారు. శాక్సన్లతో యుద్ధంలో తమవాళ్లను గుర్తుపట్టేందుకు సైనికులు లీక్ ధరించారని కథ. షేక్స్‌పియర్ ‘ఐదవ హెన్రీ’ నాటకంలో ఈ అలవాటు ఉంది కాబట్టి 400 ఏళ్ల కిందటికే ఇది పాతది. డాఫొడిల్ తర్వాత వచ్చింది. వేల్స్ భాషలో దాని పేరుకు ‘పీటరు లీక్’ అని అర్థం. కొత్త గుర్తు పాతదాని పేరులోనే ఇమిడిపోయింది. వెల్ష్ పటాలాల్లో ఆ రోజు కొత్త సైనికుల చేత పచ్చి లీక్ తినిపిస్తారు. ఉగాది వేపపువ్వు మింగిన నాలుకకు ఆ ఆచారం వివరించనక్కర్లేదు.

ప్రభుత్వాలూ మొక్కలను గుర్తులుగా ప్రకటిస్తాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు పువ్వు కలువ, చెట్టు వేప. విభజన తర్వాత 2014లో తెలంగాణ తంగేడు పువ్వును, జమ్మి చెట్టును తీసుకుంది. 2018లో ఆంధ్రప్రదేశ్ వేపను ఉంచుకుని, కలువ స్థానంలో మల్లెను తెచ్చింది. తంగేడు అప్పటికే బతుకమ్మలో ఉంది కాబట్టి ఉత్తర్వుకు ప్రాణం వచ్చింది. మల్లె తెలుగు జడల్లో ఎప్పటినుంచో ఉన్నా, నవంబరు 1న రాష్ట్రావతరణం పేరిట దాన్ని పెట్టుకునే అలవాటు ఇంకా ఏర్పడలేదు.

పండగ దాటాక ఒక్కో ఆకుది ఒక్కో దారి. జిల్లేడు స్నానపు నీళ్లతోనే పోతుంది. చవితి పత్రి విగ్రహంతో పాటు చెరువులో కలుస్తుంది. జమ్మి ఆకును డబ్బుల పెట్టెలో దాచుకుంటారు. మారేడుకు నిర్మాల్య దోషం లేదు. కొత్త దళం దొరకని రోజున, ఒకసారి పూజలో వాడినదాన్నే నీళ్లతో కడిగి మళ్లీ లింగం మీద ఉంచవచ్చు.