గుండెకు వేసే అతుకు

చచ్చుబడిన గుండె కండరం మళ్లీ మొలిచేస్తుందన్న ధీమా వార్తల్లో కనిపించినప్పుడల్లా నాకు చిరాకు. ఈ వారమూ ఆ చిరాకుతోనే మొదలుపెడుతున్నాను. 2008లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో డోరిస్ టేలర్ బృందం ఎలుక గుండె రక్తనాళాల్లోకి డిటర్జెంట్ ద్రావణాన్ని పారించింది. ఎర్రటి కండరం మెల్లగా పాలిపోయింది. కణాలన్నీ కొట్టుకుపోయి, గదులూ కవాటాలూ నాళాలూ ఉన్నచోటే ఉన్న తెల్లటి ప్రొటీన్ల అల్లిక మిగిలింది. అదే స్కాఫోల్డ్. అప్పుడే పుట్టిన ఎలుకల గుండె కణాలను అందులో నింపి, విద్యుత్ ప్రేరణ ఇస్తే ఎనిమిదో రోజుకు అది పంపులా పనికి దిగింది. అయితే ఆ బలం ఎదిగిన ఎలుక గుండె బలంలో సుమారు 2 శాతమే.

అక్కడ కణాలను మనుషులు తెచ్చి నింపారు. వట్టి స్కాఫోల్డ్‌ను అతికిస్తే కండరాన్ని ఎవరు నింపాలి? అణుపరీక్షల వల్ల గాలిలో పెరిగిన కార్బన్-14 ఆధారంగా స్వీడన్ శాస్త్రవేత్తలు 2009లో ఒక లెక్క తేల్చారు. మనిషి గుండె కండర కణాల్లో కొత్తగా పుట్టేవి పాతికేళ్ల వయసులో ఏడాదికి ఒక శాతం, 75 ఏళ్లకు అందులో సగం కన్నా తక్కువ. పాదులో విత్తనం లేకుండా పందిరి ఎంత బాగా వేసినా తీగ రాదు. పైగా ప్రమాదమూ ఉంది. 2001లో కణాలు తొలగించిన పంది కవాటాలను నలుగురు పిల్లలకు అమరిస్తే ముగ్గురు చనిపోయారు. నాలుగో బిడ్డకు దాన్ని ముందుజాగ్రత్తగా తీసేశారు. బయటికి తీసిన కవాటాల్లో తీవ్రమైన వాపు కనిపించింది. పిల్లల కణాలు మాత్రం వాటిలోకి చేరలేదు.

ఇంతవరకూ చదివితే ఈ ప్రయత్నం మానేయాలనే అనిపిస్తుంది. నేను అలా అనను. గుండెలో అతుకు పడే ప్రతిచోటా కండరం అక్కర్లేదు. పుట్టుకతో ఇరుకైన ఊపిరితిత్తుల ధమనిని వెడల్పు చేయాలన్నా, కవాటం రెక్కను సరిచేయాలన్నా కొట్టుకునే కణాలతో పని లేదు. అక్కడ కావలసింది నాళం లోపలి పూత, పీచు కణజాలం. శరీరం వాటిని ధారాళంగా తయారుచేస్తుంది. గుండె గదుల మధ్య రంధ్రం మూయడానికి డాక్రాన్ అనే కృత్రిమ గుడ్డ ప్యాచ్ చాలు కదా అనవచ్చు. నిజమే, అక్కడ అది చాలు. కానీ ధమని బిడ్డతోపాటు ఎదగాలి. గ్లూటరాల్డిహైడ్ అనే రసాయనంలో నానబెట్టిన పశువు పెరికార్డియం (గుండెను చుట్టి ఉండే పొర) ఎదగదు, కాల్షియం పేరుకుని గట్టిపడుతుంది. దాంతో ఛాతీ మళ్లీ తెరవాల్సి రావచ్చు. పాత ఆపరేషన్‌తో అంటుకుపోయిన కణజాలాన్ని విడదీస్తూ చేసే ఆ రెండో ఆపరేషన్ మరింత కష్టం.

మరి ఆ ముగ్గురు పిల్లల సంగతేమిటి? ఆ వైఫల్యాన్ని దాచకుండా ప్రచురించారు. తర్వాత జర్మనీలోని హానోవర్ వైద్యులు పంది కవాటాలకు బదులు మానవ దాతల కవాటాలను కడిగి అమర్చారు. వాటి ఫలితాలు ఆశాజనకంగా ఉన్నాయి. దాతల కొరత మాత్రం తీరలేదు. పదార్థం మారితే ఫలితమూ మారుతుంది కాబట్టి, ఒక స్కాఫోల్డ్ విజయాన్ని మరొకదానికి హామీగా చూపకూడదు. ఆపరేషన్ గెలుపు డిశ్చార్జి రోజున తేలదని ఈ కాలమ్‌లో పదేపదే రాశాను. ఆరోగ్యశ్రీ కింద గుండె ఆపరేషన్ అయిన బిడ్డకైనా, కార్పొరేట్ ఆసుపత్రి బిడ్డకైనా ఏ ప్యాచ్ వేశారో కాగితం మీద ఉండాలి. ఆ బిడ్డ పెద్దయ్యేదాకా క్రమం తప్పకుండా ఎకో తీయాలి, చెడు ఫలితాలనూ లెక్కలో చూపాలి. ఆ పూచీ పడే చోట స్కాఫోల్డ్‌ను వాడమనే నేను చెబుతాను.