తారీఖు ఎంచిన పాట

మా ముత్తుకూరు తీరంలో క్రైస్తవం అనగానే ముందు గుర్తొచ్చేది బాప్టిస్టు చర్చి. అమెరికన్ మిషనరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరు చేరినప్పటి నుంచి జిల్లాలో ఆ శాఖదే బలం. గూడూరు, నాయుడుపేట వైపు జర్మనీ నుంచి వచ్చిన లూథరన్లు పనిచేశారు. ఇంగ్లండ్ సంఘానికి చెందిన ఆంగ్లికన్లు మనకు దూరం. అందుకే ఆదివారం ఏ పాట పాడాలన్నది ఇక్కడ చాలా చోట్ల అయ్యగారి ఇష్టం, లేదా హార్మోనియం ముందు కూర్చున్నవాళ్ల ఇష్టం. క్రిస్మస్, ఈస్టర్, గుడ్ ఫ్రైడే తప్పిస్తే ఏడాదంతా ఏ వారం పాటైనా ఏ వారమైనా పాడుకోవచ్చు.

ఆంగ్లికన్ కథీడ్రల్‌లో, అంటే బిషప్పు చర్చిలో, ఆ స్వేచ్ఛ లేదు. అక్కడ పాటను ఎంచేది తారీఖు. ఈ పద్ధతి తెలుగు నేల మీద ఎలా ఉంటుందో చూడాలంటే నెల్లూరులో రైలెక్కి, విజయవాడ, ఖమ్మం దాటి, కొత్తగూడెం లైను చీలే జంక్షన్‌లో దిగాలి. ఆ ఊరు డోర్నకల్. మెదక్ చర్చి పేరు అందరికీ తెలుసు, కానీ దాన్ని కట్టింది వెస్లియన్ మెథడిస్టులు. ఆంగ్లికన్లు తెలుగువాళ్ల కోసం కట్టిన కథీడ్రల్ డోర్నకల్‌లో ఉంది.

ముందు ఆ తారీఖుల సంగతి. చర్చి సంవత్సరం జనవరిలో మొదలవదు. క్రిస్మస్‌కు నాలుగు ఆదివారాలు వెనక్కి లెక్కగట్టి అక్కడ మొదలుపెడతారు. అది ఆగమన కాలం. డిసెంబరు 25 నుంచి పన్నెండు రోజులు క్రిస్మస్. జనవరి 6న, తూర్పు దేశపు జ్ఞానులు బాలయేసును చూడవచ్చిన రోజుగా, ప్రత్యక్షత పండుగ. భస్మ బుధవారం నుంచి, మధ్యలో ఆదివారాలు తీసేస్తే, నలభై రోజులు శ్రమల కాలం. మట్టల ఆదివారం, గుడ్ ఫ్రైడే, ఈస్టర్, పెంతెకొస్తు వరసగా వస్తాయి. మన పండుగల్లాగే ఈస్టర్ కూడా చంద్రుణ్ని చూసుకుని నడుస్తుంది. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే పున్నమి దాటిన మొదటి ఆదివారం అది. అందుకే ఒక ఏడు మార్చి చివర్లో వస్తే, మరో ఏడు ఏప్రిల్ మూడో వారం దాటుతుంది.

చర్చిలో ప్రభువు బల్ల మీద పరిచే గుడ్డ రంగు ఈ కాలాలను బట్టే మారుతుంది. ఆగమనానికీ శ్రమలకూ ఊదా, పండుగలకు తెలుపు, పెంతెకొస్తుకు ఎరుపు, మామూలు వారాలకు ఆకుపచ్చ. పాట కూడా అంతే. శ్రమల కాలమంతా హల్లెలూయా అనే మాటను పక్కన పెట్టేస్తారు. నలభై రోజులు నోట పలకని ఆ మాట ఈస్టర్ తెల్లవారుజామున క్వయర్ గొంతులో తిరిగి వచ్చినప్పుడు దానికుండే బలం, ప్రతి వారం పది సార్లు పాడేసేవాళ్లకు తెలిసే అవకాశం లేదు. ఈ సంప్రదాయంలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. పాటను దాచి పెట్టుకోవడం కూడా పాడటంలో భాగమే అని వీళ్లకు తెలుసు.

ఇంగ్లండ్‌లో ఈ పద్ధతికి పునాది 1549 నాటి ప్రార్థన పుస్తకం. దాన్ని కూర్చిన ఆర్చిబిషప్ థామస్ క్రాన్మర్, మఠాల్లో రోజుకు ఎన్నోసార్లు జరిగే ప్రార్థనలను కుదించి ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి చేశాడు. సాయంత్రపు ఆరాధనలో క్వయర్ రోజూ పాడేవి రెండు: మరియమ్మ పాట, వృద్ధుడైన సుమెయోను పాట. ఆ రెండింటికీ నాలుగు వందల ఏళ్లుగా ఇంగ్లండ్ సంగీతకారులు కొత్త కొత్త వరసలు కడుతూనే ఉన్నారు. ఇవి కాక దావీదు కీర్తనలున్నాయి. నూట యాభై కీర్తనలనూ నెలకు ఒకసారి పూర్తి చేయాలి. ముప్పై రోజులు, రోజుకు రెండు పూటలు, మొత్తం అరవై భాగాలు. 176 వచనాల 119వ కీర్తన 24వ తేదీ సాయంత్రం మొదలై 26 సాయంత్రానికి గానీ ముగియదు. 15వ తేదీ సాయంత్రం 78వ కీర్తన ఒక్కటే, అదీ డెబ్బై మూడు వచనాలు. ఆ తేదీ అంటే క్వయర్ పిల్లలకు ఇప్పటికీ హడలే.

ఈ కీర్తనలకు ఛందస్సు లేదు. అంతా గద్యం. ఒక వచనంలో ఐదారు మాటలుంటే పక్కదాంట్లో ఇరవై ఉంటాయి. దీన్ని నలభై మంది ఒకే గొంతులా ఎలా పాడతారు? ఆంగ్లికన్లు కనిపెట్టిన ఉపాయం చాలా తేలిక. వరసలో ఉండేవి పది స్వరాలే. మొదటి స్వరం మీద ఎన్ని మాటలున్నా మామూలుగా మాట్లాడే వేగంతో చెప్పేస్తారు. సగం వచనం ముగిసే చోట మూడు స్వరాలు కదులుతాయి. అక్కడ అందరూ ఆగి ఊపిరి తీసుకుంటారు. రెండో సగంలో మళ్లీ ఒక స్వరం మీద చెప్పుకుపోయి, చివర ఐదు స్వరాలతో దించుతారు. ఏ అక్షరం దగ్గర స్వరం మారాలో పుస్తకంలో గుర్తులుంటాయి. క్వయర్ రెండు వరసలుగా ఎదురెదురుగా నిలబడుతుంది. ఒక వచనం ఇటువాళ్లది, తర్వాతది అటువాళ్లది. వినడానికి తేలిగ్గా ఉంటుంది గానీ, తాళం లేకుండా, మాట నడకనే నమ్ముకుని ఇంతమంది కలిసి నడవడం ఆ సంగీతంలోకెల్లా కష్టమైన విద్య.

దీనికి పైన నాలుగు శ్రుతుల పొందిక. ఆడపిల్లల లేదా చిన్న మగపిల్లల పై గొంతు, దాని కింద ఆల్టో, టెనర్, అడుగున బాస్. నలుగురూ నాలుగు వేరువేరు స్వరాలు పాడతారు, అవి కలిసినప్పుడు పుట్టే నాదం వాళ్లలో ఏ ఒక్కరిదీ కాదు.

ఇదంతా డోర్నకల్ చేరేసరికి కథ మలుపు తిరిగింది. తిప్పినవాడు వేదనాయకం శామ్యూల్ అజరయ్య. తిరునెల్వేలి జిల్లాలో 1874లో పుట్టిన తమిళుడు. 1909లో మిషనరీగా నిజాం రాజ్యంలోని డోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకున్నాడు. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కథీడ్రల్‌లో బిషప్పుగా అభిషేకం పొందాడు. ఆంగ్లికన్ శాఖలో భారతీయుడు బిషప్పు కావడం అదే మొదలు. ఆయన తలపెట్టిన కథీడ్రల్ పూర్తవడానికి ఇరవై ఏళ్లకు పైనే పట్టింది. 1939 జనవరి 6న, ప్రత్యక్షత పండుగ రోజునే, ఆ పండుగ పేరుతోనే దాన్ని ప్రతిష్ఠించారు. మసీదును తలపించే గుమ్మటాలు, గుడి మండపంలాంటి స్తంభాలు, రాతిలో తామరలు, వాటి మధ్య సిలువ. తూర్పు దేశపు జ్ఞానులు కానుకలు తెచ్చిన పండుగకు ఇంతకన్నా తగిన కట్టడం ఉండదు.

కట్టడంలో ఇంత ధైర్యం చేసిన మనిషి, ఆరాధన క్రమంలో మాత్రం ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకాన్ని వదల్లేదు. ఇది చాలామందికి వింతగా తోస్తుంది. నాకైతే కారణం కనిపిస్తుంది. ఆయన సంఘాల్లో ఎక్కువమంది మాల, మాదిగ కూలీ కుటుంబాలవాళ్లు. చదువు రానివాళ్లు. చదువు రానివాడికి వారం వారం మారిపోయే ప్రార్థన అక్కరకు రాదు. ప్రతి వారం అవే మాటలు, ప్రతి ఏడూ అవే కాలాలు తిరిగి తిరిగి వస్తే, రెండు మూడేళ్లలో పుస్తకం మొత్తం కంఠతా వస్తుంది. అక్షరం రాని అవ్వ కూడా అయ్యగారు సగం మాట అనగానే మిగతా సగం అందుకుంటుంది. ఏడాది చక్రమే వాళ్లకు బడి.

అయితే ఆ బడిలో పాఠం తెలుగు పాటలోనే నడవాలి. ఇక్కడే అసలు చిక్కు. ఇంగ్లీషు వరసకు తెలుగు మాటలు తగిలించడం మిషనరీలు మొదటి నుంచీ చేస్తున్న పనే. వాళ్లు అక్షరాలు లెక్కపెట్టుకునేవారు. మనది మాత్రల లెక్క. లఘువు మీద దీర్ఘమైన స్వరం పడితే ‘పడి’ అన్నది ‘పాడి’ అయి కూర్చుంటుంది. శంకరాభరణం స్వరాలు పాశ్చాత్యుల మేజర్ స్కేలుతో కలుస్తాయి కాబట్టి అలాంటి వరసలు మన చెవికి కొంత ఇంపుగానే ఉంటాయి. కీరవాణిదీ అదే సంగతి, దాని స్వరాలు వాళ్ల మైనర్ స్కేలులో ఒక రకంతో సరిపోతాయి. కానీ ముఖారి, ఆనందభైరవి దగ్గరకు వచ్చేసరికి దారి మూసుకుపోతుంది. ఆ రాగాల ప్రాణమంతా గమకంలో ఉంది. స్వరం ఒక చోట నిలబడదు, ఊగుతుంది. ఊగే స్వరం కింద నాలుగు శ్రుతుల పొందిక నిలవదు.

కాబట్టి తెలుగు కథీడ్రల్ క్వయర్‌కు రెండు విద్యలు రావాలి. ఒకటి, నాలుగు శ్రుతుల్లో విడిపోయి పాడటం. రెండు, పల్లవి, అనుపల్లవి, చరణాలతో నడిచే కీర్తనను అందరూ ఒకే శ్రుతిలో, గమకం చెడకుండా, తాళం తప్పకుండా పాడటం. నా లెక్కలో రెండోదే కష్టం. ఒకడు వేసే గమకం ఇరవై మంది ఒకేలా వేయాలి. కర్ణాటక కచేరీలో విద్వాంసుడికి కూడా ఈ పరీక్ష లేదు, అతను పాడేది ఒక్కడే.

ఈ తెలుగు కీర్తనలకు ఆది గురువు అనదగ్గవాడు పురుషోత్తమ చౌదరి, 1803లో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, క్రైస్తవుడై, 1890 దాకా జీవించాడు. తెలుగులో నూరుకు పైగా కీర్తనలు కట్టాడు. ఆయనవీ, ఆ తర్వాతివాళ్లవీ కలిపి వచ్చిన ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకానికి శాఖల గొడవ లేదు. డోర్నకల్ ఆంగ్లికన్లదీ అదే పుస్తకం, నెల్లూరు బాప్టిస్టులదీ అదే, గుంటూరు లూథరన్లదీ అదే. తేడా వాడకంలో ఉంది. కాలాన్ని పాటించే చోట శోకరసం ఉన్న కీర్తన శ్రమల కాలం కోసం ఆగుతుంది. పాటించని చోట అది ఏ ఆదివారమైనా వస్తుంది, వచ్చినట్టు కూడా ఎవరికీ తెలియదు.

ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఈ కాలచక్రం మన వాతావరణంలో ఎలా కుదిరిందన్నది మరో సంగతి. ఇంగ్లండ్‌లో ఆగమన కాలం అంటే చీకటి, మంచు. మన కోస్తాలో నవంబరు, డిసెంబరు అంటే తుఫాన్లు. కృష్ణపట్నం రేవులో ప్రమాద సూచిక ఎగరేసే వారాల్లోనే ఎదురుచూపుల పాటలు పాడుకోవాలి. ఆ వెంటనే ధనుర్మాసం. తెల్లవారుజామున హరిదాసు, రాత్రి పూట క్రిస్మస్ పాటలవాళ్లు, ఒకే వీధిలో తిరుగుతారు. ఈస్టర్ ఎండలు ముదిరాక వస్తుంది. పెంతెకొస్తు చాలా ఏళ్లు వడగాడ్పుల్లో పడుతుంది.

కోత పండుగ మాత్రం పూర్తిగా నేలను బట్టే జరగాలి. ధాన్యం బస్తా, కోడిపుంజు, గుమ్మడికాయ, కొబ్బరికాయలు బల్ల ముందుకు వస్తాయి, ఆరాధన అయ్యాక వాటికి వేలంపాట. అజరయ్య ఇలాంటి ఇవ్వడాన్ని ఎంతో ప్రోత్సహించాడు. వంటకు బియ్యం పోసేటప్పుడు ఒక పిడికెడు చర్చికి తీసిపెట్టే అలవాటు నిరుపేద ఇళ్లలో కూడా నిలబడింది. అయితే నెల్లూరు పెద్ద పంట చాలావరకు మాఘ ఫాల్గుణాల్లో కోతకొస్తుంది. చాలా ఏళ్లు అప్పటికి శ్రమల కాలం మొదలయ్యే ఉంటుంది. ఉపవాస కాలంలో కోత పండుగ ఎలా చేయాలన్న చిక్కుకు క్రాన్మర్ పుస్తకంలో జవాబు దొరకదు.

అజరయ్య 1945 జనవరి 1న కన్నుమూశాడు. ఆయన పాతికేళ్లు పాటుపడిన చర్చిల ఐక్యత 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జ్ కథీడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం పేరుతో నిజమైంది. డోర్నకల్ అందులో భాగమైంది. ఆంగ్లికన్ అన్న పేరు పోయింది గానీ కాలాల లెక్క పోలేదు.

పోతున్నది వేరే, పాత కీర్తనల వరస. ఇలాంటి ముప్పు ఇంగ్లండ్‌లోనూ ఒకసారి వచ్చింది. అక్కడ 1640లలో, ఆరాధనలో ఆర్భాటం వద్దనే ప్యూరిటన్లు ప్రార్థన పుస్తకాన్ని నిషేధించారు, ఆర్గన్లు పగలగొట్టారు, క్వయర్లను చెదరగొట్టారు. పదిహేనేళ్లకు పైగా కథీడ్రళ్లలో పాట లేదు. 1660లో రాచరికం తిరిగి వచ్చాక మళ్లీ మొదలుపెట్టగలిగారంటే, స్వరాలు కాగితం మీద ఉన్నాయి కాబట్టి. జాన్ బర్నార్డ్ అనే ఆయన 1641లోనే, ఒక్కో గొంతుకు ఒక్కో పుస్తకం చొప్పున, వాటిని అచ్చు వేయించి పెట్టాడు. మన పాటల పుస్తకంలో పాట పైన ఉండేది రాగం పేరు, తాళం పేరు. అంతే. స్వరం లేదు. వరస మనుషుల నోట్లో ఉంది. కీబోర్డులు వచ్చాక ముఖారికి కూడా మీటలు నొక్కి గమకం తీసేస్తున్నారు, ప్యాడ్‌లో ఏ తాళం ఉంటే ఆ తాళానికి పాటను వంచుతున్నారు. ట్రాక్ పెట్టి పాడేచోట క్వయర్ అవసరమే లేకుండా పోయింది. దీన్ని ఎదుగుదల అని కొందరంటారు. నేను ఒప్పుకోను.

మీ చర్చి ఏ శాఖదైనా సరే, పాత కీర్తనల వరసలు తెలిసిన పెద్దవాళ్లు ఒకరిద్దరు ఇంకా ఉండే ఉంటారు. ఈ ఆగమన కాలం మొదలయ్యేలోపు వాళ్ల దగ్గర కూర్చోండి. పుస్తకం తెరిచి, రాగం పేరు చదివి, పాడించుకోండి. ఫోనులో రికార్డు చేసుకోండి. ఆ తర్వాత ఊళ్లో సంగీతం తెలిసినవాళ్ల చేత స్వరం రాయించి, పాట పక్కనే అంటించండి.