నలభై ఎనిమిది అంకెలు

“నేనేం నొక్కలేదు బాబూ.” ఆగిపోయిన సిస్టమ్ దగ్గరికి వెళ్లగానే నాకు వినబడే మొదటి మాట ఇదే. కంప్యూటర్లు బాగుచేసే పనిలో ఇన్నేళ్లుగా గమనించింది చెబుతాను. నీలం తెర చూసిన మనిషికి ముందు కోపం రాదు, భయం వేస్తుంది. తన చెయ్యి తగిలే ఏదో పాడైందనుకుంటారు. అందుకే కీబోర్డు ముట్టుకోకముందే “ఇది మీవల్ల జరిగింది కాదండీ” అంటాను. మా పనిలో అదే మొదటి మెట్టని నా నమ్మకం. భయపడిన మనిషి కంగారులో నాలుగు బటన్లు నొక్కి, చిన్న చిక్కును పెద్దది చేసుకుంటారు.

2024 జులై 19న ప్రపంచంలో ఎంతమంది ఆ భయంతో కూర్చున్నారో! ఆ శుక్రవారం మన టైము ప్రకారం ఉదయం 9 గంటల 39 నిమిషాలకు క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ తన ఫాల్కన్ రక్షణ సాఫ్ట్‌వేర్‌కు ఒక చిన్న ఫైలు పంపింది. కొత్త రకం దాడులను పసిగట్టడానికి ఉద్దేశించిన ఫైలు అది. సాఫ్ట్‌వేర్ అందించే విలువలు 20 అయితే, ఆ ఫైలు 21వ దానికోసం వెతికింది. మామూలు ప్రోగ్రామ్‌లో ఇలా జరిగితే ఆ ఒక్క ప్రోగ్రామే మూతపడుతుంది. ఫాల్కన్ అలా కాదు, విండోస్ గుండెకాయ లాంటి కెర్నల్‌లో కూర్చుని పనిచేస్తుంది. అక్కడ తప్పు జరిగితే విండోస్ మొత్తం ఆగిపోతుంది. రీస్టార్ట్ చేస్తే మళ్లీ అదే ఫైలు, మళ్లీ అదే నీలం తెర. కంపెనీ 78 నిమిషాల్లో ఆ ఫైలును వెనక్కి తీసుకుంది. ఈలోగా పడిపోయినవి 85 లక్షల కంప్యూటర్లని మైక్రోసాఫ్ట్ అంచనా. మన శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు పెన్నుతో రాసిచ్చారు.

రిపేరు చేసేవాడిగా నా మనసును పట్టుకున్న సంగతి వేరే ఉంది. జబ్బు వచ్చిన దారిన మందు వెళ్లలేకపోయింది. తప్పుడు ఫైలు ఇంటర్నెట్ మీద దానంతటదే వచ్చి చేరింది. దాన్ని తీసేయడానికి మాత్రం మనిషి వెళ్లాలి. సిస్టమ్ నిలబడితేనే కదా నెట్‌వర్క్ అందుకునేది! అదృష్టం బాగుంటే కొన్ని, వరసగా రీస్టార్ట్ చేయగా చేయగా కొత్త ఫైలు అందుకుని లేచాయి. కొన్నింటికి 15 సార్ల దాకా పట్టవచ్చని మైక్రోసాఫ్టే చెప్పింది. మిగతా వాటిని ఒక్కొక్కటిగా సేఫ్ మోడ్‌లోకి తెచ్చి, డ్రైవర్ల ఫోల్డర్ తెరిచి, 00000291 అంకె ఉన్న ఫైలు వెతికి డిలీట్ చేయాల్సి వచ్చింది. పని చూస్తే కొద్ది నిమిషాలదే. అలాంటి యంత్రాలు వేలల్లో ఉంటే? డెల్టా విమాన సంస్థ అయిదు రోజుల్లో దాదాపు 7,000 సర్వీసులు రద్దు చేసింది.

ఆ కొద్ది నిమిషాలైనా ఎప్పుడు? తాళంచెవి చేతిలో ఉన్నప్పుడు. చాలా ఆఫీసు కంప్యూటర్లలో డిస్కుకు బిట్‌లాకర్ తాళం ఉంటుంది. సేఫ్ మోడ్‌కు వెళ్లే దారిలో అది 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆస్ట్రేలియాలో గ్రాంట్ థార్న్‌టన్ సంస్థ వాళ్లు ఆ కీలను బార్‌కోడ్‌లుగా మార్చి, కొట్లో బిల్లింగ్‌కు వాడేలాంటి స్కానర్‌తో చదివించారు. కంప్యూటర్ దృష్టిలో ఆ స్కానర్ కూడా ఒక కీబోర్డే. ఆ ఉపాయం చదివినప్పుడు ఎంత సంతోషించానో చెప్పలేను.

ఆ తర్వాత చాలామంది నన్నడిగారు, “అయితే అప్‌డేట్లు ఆపేసుకోమంటారా?” అని. వద్దు, ఆపొద్దు. 2017 మార్చిలో మైక్రోసాఫ్ట్ ఒక లోపానికి అప్‌డేట్ ఇచ్చింది. రెండు నెలల తర్వాత, మేలో, ఆ లోపం గుండానే వన్నాక్రై వైరస్ ప్రపంచమంతా పాకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. నేను కోరేదల్లా అప్‌డేట్ అందరికీ ఒకేసారి పంపవద్దని. ముందు కొద్దిమందికి ఇచ్చి చూడాలి. అన్నం మెతుకు పట్టి చూడకుండా విస్తట్లో వడ్డించం కదా.

నిరుడు తెనాలిలో ఒక చిన్న ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. రాత్రి ఏదో సెక్యూరిటీ అప్‌డేట్ ఎక్కింది, పొద్దున సిస్టమ్ రికవరీ కీ అడుగుతోంది. అకౌంట్లు చూసే పెద్దావిడ ఒక్కరే ఉన్నారు. జీతాల రోజు. “నేనేం నొక్కలేదు బాబూ.” చెప్పాల్సింది చెప్పాను. సిస్టమ్ పెట్టిన రోజునే కీ ప్రింట్ తీసి, పొలం కాగితాల్లా దాచమని ఇచ్చాను. ఆవిడ దాచారు. బీరువాలో, బ్యాంకు పాస్‌బుక్కుల మధ్య.

ఎనిమిది గుంపులు, గుంపుకు ఆరు అంకెలు. ఆవిడ పైకి చదువుతూ కొడుతున్నారు. అయిదో గుంపు దగ్గర ఆగారు. “ఇక్కడ తడి తగిలింది బాబూ. రెండు, ఏడు, తర్వాతది 3నో, 5నో, 8నో తెలియట్లేదు. ఆ తర్వాత నాలుగు, ఒకటి, ఎనిమిది.”

ఆ కీలో ప్రతి గుంపూ 11తో నిశ్శేషంగా భాగించబడుతుంది. ఒక అంకె తప్పు కొడితే దొరికిపోవాలనే అలా తయారుచేశారు. అంకెలను ఒకటి విడిచి ఒకటిగా రెండు వరసల్లో కూడాను; 11తో భాగించబడాలంటే ఆ రెండు మొత్తాల తేడా సున్నా గానీ, 11 గుణిజం గానీ కావాలి. ఇటు 7, 4, 8 కలిపితే 19. అటు రెండూ ఒకటీ మూడు, దానికి ఆ చెరిగిన అంకె. తేడా 11 రావాలంటే అటు 8 ఉండాలి.

“అయిదు కొట్టండమ్మా.”

మిగతా మూడు గుంపులూ కొట్టారు. విండోస్ లేచింది. ఫోన్ పెట్టేయబోతుంటే “ఉండు బాబూ” అన్నారు. కొత్త కాగితం తీసుకుని, మొదటి గుంపు నుంచి పెన్నుతో రాస్తూ, ఒక్కో అంకె నాకు వినిపించడం మొదలుపెట్టారు. నేను ఇటువైపు ఒక్కో గుంపునూ 11తో భాగించి చూస్తూ “సరే అమ్మా, తర్వాతది” అంటున్నాను.