పరమాణువుల లెక్క కుదిరిన చాలునా?

దక్షిణ మధ్య రైల్వే 1966లో ఏర్పడినది. దాని కేంద్రము సికింద్రాబాదు. ఆ ఊరి విద్యార్థులకు రసాయన శాస్త్ర పాఠమొకటి రైలు పట్టాలపైనే కలదు. పట్టాల కొసలను అతుకుటకు ఐరన్ ఆక్సైడు, అల్యూమినియం పొడుల మిశ్రమమును రగిలింతురు. అల్యూమినియం ఆక్సిజనును గ్రహించును. కరిగిన ఇనుము సందును నింపును. ఒక అణువు ఆక్సైడునకు రెండు పరమాణువుల అల్యూమినియం కావలెను. ఈ సమీకరణమును తుల్యము చేయుటకు పరమాణువులను లెక్కించిన చాలును.

ఇట్టి సులభమైన ఉదాహరణలతోనే పాఠమును ముగించుట బోధనలో లోపము. రెండు వైపుల పరమాణువులు సమానమైనచో సమీకరణము ఒప్పేయని విద్యార్థి నమ్మును. ఆ నమ్మకము ఎంత బలహీనమో ఒక్క చర్య చూపగలదు.

సల్ఫ్యూరికామ్లము సమక్షమున పొటాసియం పెర్మాంగనేటు హైడ్రొజన్ పెరాక్సైడునుండి ఆక్సిజనును వెలువరించును. పెర్మాంగనేటు రెండు అణువులు, ఆమ్లము మూడు అణువులు అనుకొందము. పెరాక్సైడు ఒక అణువైనచో నీరు నాలుగు, ఆక్సిజను మూడు అణువులు వచ్చును. పెరాక్సైడు మూడైనచో నీరు ఆరు, ఆక్సిజను నాలుగు. అయిదైనచో నీరు ఎనిమిది, ఆక్సిజను అయిదు. ప్రతిసారియు పొటాసియం సల్ఫేటు ఒకటి, మాంగనీసు సల్ఫేటు రెండు. మూడు సమీకరణములును పరమాణువుల లెక్కకు నిలుచును. కాని ప్రయోగశాలలో నిలుచునది చివరిదొక్కటే.

కారణము ఎలక్ట్రానులలో నున్నది. మాంగనీసు ఆక్సీకరణ సంఖ్య +7 నుండి +2కు దిగును. అనగా ఒక్కొక్క పరమాణువు 5 ఎలక్ట్రానులను గ్రహించును. పెరాక్సైడు అణువు ఆక్సిజనుగా మారుచు 2 ఎలక్ట్రానులను మాత్రమే కోల్పోవును. ఇచ్చినవి, పుచ్చుకొన్నవి సమానము కావలెనన్న రెండు పెర్మాంగనేటు అణువులకు అయిదు పెరాక్సైడు అణువులు ఉండి తీరవలెను. అపుడు రెండు వైపుల లెక్క 10.

ఇది కాగితముపై వాదము మాత్రమే కాదు. పెరాక్సైడు ద్రావణమొకదానికి 0.02 మోలార్ పెర్మాంగనేటు 20 మిల్లీలీటర్లు ఖర్చైనదనుకొందము. సరియైన సమీకరణము ప్రకారము అందలి పెరాక్సైడు 34 మిల్లీగ్రాములు. మొదటి సమీకరణమును నమ్మినవానికి 6.8 మిల్లీగ్రాములే తేలును. బ్యూరెట్టును ఎంత జాగ్రత్తగా చదివినను ఈ అయిదు రెట్ల తేడా పోదు.

కనుక ఉపాధ్యాయుడు మొదట ఎలక్ట్రానులను కోల్పోవు అర్ధచర్యను, గ్రహించు అర్ధచర్యను విడివిడిగా వ్రాయింపవలెను. ఎలక్ట్రానులను సమానము చేసి, రెంటిని కూడిన పిదపనే పరమాణువులను, ఆవేశమును సరిచూపవలెను. పరీక్షలలో తుది అంకెలకే గాక ఈ మెట్లకును మార్కులు ఇచ్చినచో, విద్యార్థి అంకెలను బట్టీపట్టుట మాని చర్యను గ్రహింప నేర్చును.